నూట ముప్పై ఎనిమిదో స్థానం

శనివారం ఉదయం ఎనిమిదింటికి బోదిల్ వంటింటి బల్ల మీద నాలుగు వేడి రొట్టెలు, చీజు, కాఫీ ఫ్లాస్కు పెట్టింది. వాటి పక్కనే ఆర్థిక పత్రికను రెండుగా మడిచి ఉంచింది. మడత కింద పెన్సిలు ఉంది. బయట గాలి పడమటి నుంచి వీస్తోంది. ఆ సముద్ర తీరంలో గాలి మరో వైపు నుంచి వచ్చిన రోజునే జనం దాని గురించి మాట్లాడుకుంటారు.

ఆమె భర్త లౌస్ట్ ఉన్ని మేజోళ్ళతో వచ్చి కూర్చున్నాడు. డెబ్బై ఒకటి దాటినా ఇంకా ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది. లేచి చేసే పని మాత్రం లేదు. ఎనభై నాలుగు ఆవులూ పోయిన అక్టోబరులో లారీలెక్కి వెళ్ళిపోయాయి. పొలం పక్కవాళ్ళకి కౌలుకిచ్చారు. ఆవులు అమ్మగా వచ్చిన సొమ్ము బ్యాంకులో నిద్రపోతోంది. ఆ నిద్ర బోదిల్‌కి నచ్చలేదు. వాళ్ళిద్దరూ తొంభై ఏళ్ళు బతికితే ఎలా గడుస్తుందో ఆమె చలికాలమంతా లెక్క వేసింది. ఆ సొమ్ము పెరగకపోతే గడవదు. తరిగితే అసలే గడవదు.

"నాలుగో స్థానం," అంది బోదిల్, కాఫీ పోస్తూ.

"ఏది?"

"వెస్టర్‌లూస్. ఓడల కంపెనీ. దేశంలో పేరున్న నూట నలభై కంపెనీల జాబితా వేశారు. జనంలో దేనికి ఎంత గౌరవం ఉందో చూసి వరస పెట్టారు. అందులో ఇది నాలుగోది. పోయినేడు తొమ్మిది. అంటే పైకి పోతోంది."

"నీళ్ళ మీద పోయేది పైకెలా పోతుంది?"

"నీతో మాట్లాడటం నాదే తప్పు."

లౌస్ట్ రొట్టెకి వెన్న రాసుకున్నాడు. అతనికి ఆ మాట కొత్త కాదు. పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో ఆమె రెండు వంతులు మాట్లాడితే అతను ఒక వంతు విన్నాడు. ఆ లెక్కలో ఇద్దరికీ ఎప్పుడూ గొడవ రాలేదు.

"సోమవారం పదింటికి బ్యాంకుకి రమ్మన్నారు," అంది బోదిల్. "ఇద్దరం సంతకం పెట్టాలి. మొత్తం అందులోనే పెడదాం. ముక్కలు చేస్తే నాకు నిద్ర పట్టదు, ఏ ముక్క ఎక్కడుందో తెలీక."

"ఊఁ."

"ఊఁ అంటే సరేననా?"

"ఊఁ అంటే విన్నానని."

పత్రికను ఆమె ఎందుకలా మడిచిందో లౌస్ట్ అడగలేదు. అడిగినా చెప్పేది కాదు. జాబితా అడుగు భాగం మడత లోపలికి పోయింది. అక్కడ, చివరి నుంచి మూడో వరసలో, తాంగ్‌కేర్ పంపుల కంపెనీ ఉంది. నూట ముప్పై ఎనిమిది. కూతురు మలేన పదకొండేళ్ళుగా పనిచేస్తున్నది అక్కడే. మంగళవారం పాటల బృందంలో గుడ్రున్ అందరూ వింటుండగా, "మీ అమ్మాయి ఉండేది ఆ పంపుల వాళ్ళ దగ్గరేగా బోదిల్?" అని అడిగింది. బోదిల్ నవ్వి తలూపి, ఆ తరవాతి పాటలో రెండు చోట్ల శ్రుతి తప్పింది.

తొమ్మిదిన్నరకి గులకరాళ్ళ మీద కారు చప్పుడయింది. మలేన నాన్న దగ్గర నిచ్చెన అడిగి తీసుకెళ్ళడానికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి జుట్టు, జేబుల నిండా ఏవో మరలున్న పని ప్యాంటు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కుర్చీ లాక్కుని, మిగిలిన రొట్టె తీసుకుంది.

"ఇంకా ఉన్నాయా రొట్టెలు? నాన్న తినలేదా?"

"నీకోసమే ఒకటి ఆపాడు," అంది బోదిల్.

"నేనేం ఆపలేదు," అన్నాడు లౌస్ట్. "నిండింది."

మలేన నవ్వుతూ పత్రిక అందుకుంది. వాతావరణం చూద్దామని తీసి విప్పింది. మడత విడిపోయింది. పైన నాలుగో అంకె చుట్టూ పెన్సిలుతో గీసిన పెద్ద సున్నా. అడుగున నూట ముప్పై ఎనిమిది కింద చాలా సన్నటి గీత, గీసినవాళ్ళకే సిగ్గేసినట్టు.

ఆమె నమలడం ఆపింది.

"ఇదేంటమ్మా?"

"ఏం లేదు. చదివాను."

"పెన్సిలుతో చదివావా?"

బోదిల్ ఫ్లాస్కు మూత బిగించింది. అది అప్పటికే బిగించి ఉంది. "మేము ఆ ఓడల కంపెనీలో పెడదామనుకుంటున్నాం. సోమవారం సంతకం."

"ఎంత?"

"ఉన్నదంతా."

మలేన రొట్టె పళ్ళెంలో పెట్టేసింది. "ఎందుకది?"

"నాలుగోది కాబట్టి. వెయ్యిమందిని అడిగారు మలేనా. వెయ్యిమందీ తప్పు చెబుతారా?"

"ఏమడిగారు వాళ్ళని?"

"ఏమడుగుతారు? కంపెనీ మంచిదా కాదా అని."

"మంచిదంటే? జీతాలు బాగా ఇస్తుందా? లాభం వస్తుందా? టీవీలో ప్రకటన బాగుందా? ఆ ప్రకటన చూస్తూ నువ్వే ఏడ్చావు, క్రిస్మస్ ముందు. మామ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని ఓడ దిగుతుంది, అదీ."

"బాగుందని ఏడ్చాను. తప్పా?"

"ప్రకటన చూసి ఏడిస్తే తప్పు లేదు. ఆవుల డబ్బంతా పెడితే తప్పు."

బోదిల్ మెడ మీద ఎర్ర మచ్చలు లేచాయి. కూతురి మెడ మీద కూడా సరిగ్గా అదే చోట లేచాయి. లౌస్ట్ ఇద్దర్నీ చూసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"సరే," అంది బోదిల్. "మరి నువ్వు చెప్పు. మీ కంపెనీ కొత్త షేర్లు అమ్ముతోంది, చూడమన్నావు నెల కిందట. నూట నలభైలో నూట ముప్పై ఎనిమిదో దాంట్లో పెట్టమంటావా మమ్మల్ని?"

"పెట్టమనలేదు. చూడమన్నాను."

"చూశాను. కింద నుంచి మూడోది." అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. మంగళవారం నుంచి గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది. "నేను నీ మంచికే చెబుతున్నా. పేరు పోయిన చోట ఎంతకాలం ఉంటావు? నీ పేరు కూడా దాంతో పాటు పోకముందే ఇంకోచోట చూసుకో. హెర్నింగ్‌లో ఎన్ని కంపెనీలు లేవు?"

మలేన పత్రికను బల్ల మీద పరిచింది. తరవాత మెల్లగా అంది. "పదకొండేళ్ళు పనిచేశానమ్మా అక్కడ. నేను రోజంతా ఏం చేస్తానో నువ్వు ఒక్కసారి అడిగావా? పత్రికవాళ్ళు ఫోన్ చేసి వెయ్యిమందిని అడిగారు. నువ్వు ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని అడగలేదు."

అప్పుడు లౌస్ట్ గొంతు సవరించుకున్నాడు. ఆ ఇంట్లో అది అరుదైన చప్పుడు కాబట్టి ఇద్దరూ అటు తిరిగారు.

"ఆ వెయ్యిమందిలో ఒకణ్ణి నేనే," అన్నాడు.

"ఏమన్నావు?" అంది బోదిల్.

"మార్చిలో ఫోన్ వచ్చింది. నువ్వు పాటలకి వెళ్ళావు. కోపెన్‌హేగన్ పిల్ల. మర్యాదగా మాట్లాడింది. ఇరవై నిమిషాలన్నది, నలభై అయింది."

"నువ్వు నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడావా?" బోదిల్ జాబితా మాటే మరిచిపోయింది. "ఎవరితోనో?"

"నేను మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడింది."

మలేన బల్ల మీదకి వంగింది. "నాన్నా, ఏమడిగింది? ఉన్నదున్నట్టు చెప్పు."

లౌస్ట్ గుర్తు తెచ్చుకున్నాడు. తొందరపడటం అతని పద్ధతి కాదు. "ఒక్కో కంపెనీ పేరు చెప్పి, తెలుసా అని అడిగేది. తెలీదంటే వదిలేసేది. తెలుసంటే ఒకటి నుంచి పది దాకా మార్కులు వెయ్యమనేది. మనుషులకి మార్కులెయ్యడం నాకు రాదు, మాటల్లో చెబుతా, నువ్వే వేసుకో అన్నా. సరేనంది."

"వెస్టర్‌లూస్‌కి ఏం చెప్పావు?"

"టీవీలో చూశా, చాలా బాగుందన్నా."

"ఎప్పుడైనా ఎక్కావా ఆ ఓడ?"

"లేదు. ఎక్కినవాడెవడూ నాకు తెలీదు కూడా. మామ్మ బాగుంది, మనవరాలు బాగుంది. ఎరగనివాళ్ళని మెచ్చుకుంటే నాకేం పోయింది? తొమ్మిది వేస్తున్నానండీ అంది. వెయ్యమ్మా అన్నా."

బోదిల్ పత్రిక వైపు చూసింది. నాలుగో అంకె చుట్టూ ఉన్న సున్నా ఇప్పుడు మరీ పెద్దగా కనిపించింది.

"మా కంపెనీ అడిగిందా?" అంది మలేన.

"అడిగింది. బాగా తెలుసన్నా. మన పేడగుంతలో పంపు వాళ్ళదే. పందొమ్మిదేళ్ళు తిరిగింది, ఒక్క మర విప్పలేదు. ఆవులు పోయాకే ఆపాం. అదంతా ఆ పిల్లకి చెప్పలేదులే, పేడ సంగతి ఆడపిల్లతో ఎందుకని."

"మరేం చెప్పావు?"

"అంత చెడ్డగా ఏం లేదన్నా."

పడమటి తీరంలో పుట్టినవాళ్ళకి ఆ మాట ఏమిటో తెలుసు. మెప్పుకి అదే ఆఖరి మెట్టు, ఆపైన మెట్లు కట్టలేదు. కొత్త చర్చి గోపురం చూసి అక్కడివాళ్ళు అన్నది ఆ మాటే. మొదటిసారి కలిసొచ్చాక లౌస్ట్ తన తల్లితో బోదిల్ గురించి చెప్పిందీ ఆ మాటే. ఆ తల్లి వెంటనే లేచి మంచి గిన్నెలు తుడిచి పెట్టింది.

"ఆ పిల్ల ఎంత వేసింది?" అని అడిగింది మలేన. ఆమె పెదవులు అదుపులో ఉండటం లేదు.

"కాసేపు ఆగి, 'చెడ్డది అంటున్నారా?' అంది. చెడ్డది అనలేదు, అంత చెడ్డగా ఏం లేదు అన్నా. అయితే నాలుగు వెయ్యనా అంది. నాకు పొయ్యి మీద సూపు ఉంది. వెయ్యమన్నా."

మలేన తల బల్లకి ఆనించింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని బోదిల్ లేవబోయింది. తల ఎత్తేసరికి కళ్ళ నిండా నీళ్ళున్నాయి కానీ అవి నవ్వు తెచ్చినవి.

"ఆ మార్కులు కంపెనీలకి ముందే పంపారు. మాకు మేలో మీటింగు పెట్టారు," అంది ఊపిరి తీసుకుంటూ. "వెయ్యిమందిలో మా పేరు తెలిసినవాళ్ళు అరవై ఒక్కరే. అందులో యాభైమందిదాకా మన తీరంవాళ్ళు. అందరూ మూడూ నాలుగూ వేశారు. మేనేజరు తెల్లబోయాడు. సొంత ఊళ్ళోనే మనమీద ఇంత కసి ఎందుకని రాజధాని నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన ఆరు వారాలు తిరిగి, కంపెనీ రంగు ఆకుపచ్చ చెయ్యమన్నాడు."

"చేశారా?" అన్నాడు లౌస్ట్.

"గేటు వేశారు. బాగుంది."

"ఎలా ఉంది?"

"అంత చెడ్డగా ఏం లేదు."

ఈసారి బోదిల్ కూడా నవ్వింది, ఇష్టం లేకపోయినా. తనకి తెలిసిన ముఖాలు ఒక్కొక్కటీ కళ్ళ ముందు కదిలాయి. పాలసేకరణ లారీ నడిపే ఎజ్విన్, గుడ్రున్ మొగుడు, పాత బడిపంతులు. ఒక్కొక్కరూ ఫోన్ చెవిన పెట్టుకుని, మనసులో ఉన్న గౌరవమంతా ఆ ఒక్క మాటలో పోస్తున్నారు. అవతల కూర్చున్న పిల్ల శ్రద్ధగా నాలుగు వేసుకుంటోంది. అటువంటి నాలుగులన్నీ పోగుచేసి అచ్చువేసిన కాగితం ముందు పెట్టుకుని, ముసలితనానికి దాచిన డబ్బంతా ఎక్కడ పెట్టాలో తాను తేల్చేసింది.

నవ్వు తగ్గాక మలేన ముఖం మారింది. పళ్ళెంలో రొట్టె పొడిని వేలితో ఒక చోటికి తోసింది.

"అమ్మా, నేను యంత్రాల మేస్త్రీ పరీక్ష పాసైనప్పుడు ఆర్హుస్ నుంచి ఫోన్ చేశాను. గుర్తుందా?"

"గుర్తు లేకేం."

"నూట పన్నెండు మందిలో రెండో స్థానం అని చెప్పా. నువ్వేమన్నావో గుర్తుందా?"

బోదిల్‌కి గుర్తుంది.

"నాలుగేళ్ళు అక్కడున్నాను కదా. అక్కడివాళ్ళు సూపు బాగుంటే అద్భుతం అంటారు, బస్సు టైముకొస్తే అద్భుతం అంటారు. నా చెవి వాళ్ళ చెవి అయిపోయింది. నువ్వన్న మాటకి నేను కూడా నాలుగే వేసుకున్నాను. రైల్లో హోర్సెన్స్ స్టేషన్ దాటేదాకా ఏడ్చాను."

బోదిల్ చేతులు బల్ల మీద ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఆమె సైకిలెక్కి సహకార దుకాణానికి వెళ్ళింది. అక్కర్లేని ఈస్టూ, అగ్గిపెట్టెలూ కొంది, కౌంటరు దగ్గర వరసలో ఉన్న ప్రతివాళ్ళకీ కూతురి సంగతి చెప్పడానికి. మర్నాడు మళ్ళీ వెళ్ళింది, మొదటిరోజు రానివాళ్ళ కోసం. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. కూతురికి ఒక్కదానికే తెలీదు.

"రెండు రోజులు దుకాణంలోనే ఉంది," అన్నాడు లౌస్ట్, కూతురితో. "ఇంట్లో రెండేళ్ళకి సరిపడా అగ్గిపెట్టెలు."

"నువ్వుండు," అంది బోదిల్. ఆమె ఇలాంటి వాక్యాలకి అలవాటు పడ్డ మనిషి కాదు. రాయి ఎత్తినట్టు ఒక్కో మాటా ఎత్తింది. "నాకు ఆ రోజు... చాలా గర్వమేసింది మలేనా. ఇప్పుడు కూడా వేస్తుంది. నీ పేరు పోతుందన్నాను కదా ఇందాక. అది తప్పు. గుడ్రున్ అడిగితే సిగ్గుపడ్డాను. అది ఇంకా పెద్ద తప్పు."

మలేన ముక్కు తుడుచుకుంది, పని ప్యాంటు జేబులోంచి తీసిన నూనె మరకల గుడ్డతో. ముక్కు మీద నల్లటి చార పడింది. ఎవరూ చెప్పలేదు.

"సోమవారం సంతకం సంగతి?" అన్నాడు లౌస్ట్ కాసేపటికి.

"వాయిదా," అంది బోదిల్. "కానీ నేను ఎవర్ని నమ్మాలి ఇప్పుడు? వెయ్యిమందిని నమ్మితే ఇదీ వరస."

"జనాన్ని నమ్మొద్దనడం లేదు," అంది మలేన. "జాబితా ఉత్తదేం కాదు. జనం ఏమనుకుంటున్నారో చెబుతుంది. పేరు బాగుంటే సరుకు అమ్ముడవుతుంది, పనికి మంచివాళ్ళొస్తారు. కాకపోతే ఎవర్ని అడిగారు, వాళ్ళకి ఎంత తెలుసు అన్నది కూడా చూడాలి. ఆ తరవాత కంపెనీ లెక్కలు చూడాలి."

"కార్‌స్టెన్ దగ్గర కొన్న ఆవు," అన్నాడు లౌస్ట్.

బోదిల్ నిట్టూర్చింది. ముప్పై ఐదేళ్ళ కిందటి సంగతి. సంత ప్రదర్శనలో మొదటి రిబ్బను గెలిచిన ఆవు. ఒళ్ళు అద్దంలా ఉండేది. ఇంటికి తెచ్చాక పిల్లికి సరిపడా పాలిచ్చింది.

"రిబ్బను ఇచ్చినవాళ్ళు అబద్ధమాడలేదు," అన్నాడు లౌస్ట్. "ఆవు అందంగానే ఉంది. పాల పుస్తకం అడగనిది మనం."

బోదిల్ రోజూ గళ్ళనుడికట్లు నింపుకునే టాబ్లెట్టు తెచ్చింది. మలేన వెస్టర్‌లూస్ వార్షిక నివేదిక తీసింది. అది ఎవరైనా చూసుకునేదే, ఎవరూ చూడనిదే. మొదటి ముప్పై పేజీలు సూర్యాస్తమయాలు. ఆ తరవాత అంకెలు. చదివేందుకు ముగ్గురికీ కలిపి ఒక్క కళ్ళజోడు సరిపోలేదు.

"మూడేళ్ళుగా నష్టమే," అంది బోదిల్, వేలితో వరస పట్టుకుని. ఆవుల లెక్కలు నలభై ఏళ్ళు రాసిన వేలు అది, అంకెల్లో దారి తప్పదు. "మరి వాటాదారులకి డబ్బు ఎక్కణ్ణుంచి పంచారు?" పేజీ తిప్పింది. "ఓడలు అమ్మారు. అమ్మి, వాటినే అద్దెకి తీసుకున్నారు."

"ఆవునమ్మి దాని పాలే కొనుక్కున్నట్టు," అన్నాడు లౌస్ట్.

"అమ్మ ఏడ్చిన ఓడ కూడా అమ్మేసి ఉంటారు," అంది మలేన.

బోదిల్ టాబ్లెట్టు బోర్లా పెట్టింది. "సరే. అయితే మీ పంపుల కంపెనీలోనే పెడతాం. అంతా."

"వద్దు," అంది మలేన వెంటనే.

"ఇంతసేపూ దానికేగా నాతో పోట్లాడావు."

"దానికి కాదు పోట్లాడింది. చూడమ్మా, లోపలి సంగతులు నేను చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదు. నివేదిక ఉంది, కూర్చుని చదువుదాం. నచ్చితే కొంచెం పెట్టు. పదో వంతు. మిగతాది నాలుగైదు చోట్ల ఉండేలా చూడు. మా ఫ్యాక్టరీకి దెబ్బ తగిలితే నా జీతం పోతుంది. అదే రోజు మీ డబ్బు కూడా పోతే మనం ముగ్గురం ఎవరి ఇంట్లో భోంచేస్తాం?"

బోదిల్ కూతుర్ని కొత్తగా చూసింది. బ్యాంకులో కుర్రాడు ఒక్కసారి కూడా తక్కువ పెట్టమనలేదు. పత్రిక అనలేదు. ఓడ దిగిన మామ్మ అనలేదు. తన కంపెనీలో తక్కువ పెట్టమని చెప్పింది ఈ ఒక్క మనిషి. ముక్కు మీద నూనె చారతో ఎదురుగా కూర్చుంది.

"పదో వంతు," అంది. "ముక్కలు ఎక్కడెక్కడున్నాయో రాసి గోడకి అంటిస్తా. అప్పుడు నిద్ర పడుతుంది."

లౌస్ట్ తలూపాడు. ఈసారి అది సరేనని.

బోదిల్ లేవలేదు. బల్ల సర్దాల్సిన వేళ దాటిపోయింది, అయినా లేవలేదు. "ఇప్పుడు చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"పొద్దున ఆ ఆకుపచ్చ గేటులోంచి లోపలికి వెళ్తావు. ఆ తరవాత ఏం చేస్తావు? మొదట్నుంచీ చెప్పు. నాకు తెలీనిచోట ఆపి అడుగుతా, విసుక్కోకు."

మలేన తండ్రి వైపు చూసి, తల్లి వైపు చూసి, మొదలుపెట్టింది. తయారైన ప్రతి పంపునీ పెద్ద నీళ్ళ తొట్టెలోకి దించి గంటసేపు తిప్పుతారని చెప్పింది. చప్పుడు విని, అదురు చెయ్యి పెట్టి చూసి, బాగుందనుకుంటేనే ఇనుప రేకు మీద తన పేరు అక్షరాలు కొడుతుంది. అవి కొట్టాకే పంపు గేటు దాటుతుంది. ఏడాదికి నాలుగువేల పంపులు. తిరిగొచ్చినవి పోయినేడు మూడు. ఆ మూడూ ఎందుకొచ్చాయో ఆమె చేతులూపుతూ చెప్పింది.

"చెయ్యి పెట్టి చూస్తానన్నావు," అని ఆపింది బోదిల్. "నీళ్ళలోనా?"

"ఆఁ. అదురు నీళ్ళలోనే తెలుస్తుంది."

"చల్లగా ఉండవూ ఆ నీళ్ళు?"

ఆ పనిలో తనకెలా ఉంటుందని పదకొండేళ్ళలో తల్లి అడగడం అదే మొదటిసారి. మలేన తన వేళ్ళ వైపు చూసుకుంది.

"ఉంటాయమ్మా. జనవరిలో అయితే వేళ్ళు ఉన్నాయో లేవో తెలీదు."

బోదిల్ బల్ల మీదుగా చేతులు చాచి ఆ వేళ్ళు పట్టుకుంది. చలికాలం ఇంకా రాకపోయినా రెండు చేతులతో రుద్దడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో అలాంటిది జరిగి చాలా ఏళ్ళయింది. అందుకని లౌస్ట్ మర్యాదగా ముఖం తిప్పుకుని, గాలి ఎటు నుంచి వీస్తోందో చూస్తూ కూర్చున్నాడు.